కర్ర నలభై

మార్కరు పోయాడని పడవ సరంగు వచ్చి చెప్పాడు. చెప్పి, గోనెపట్టాలో చుట్టిన పొడుగాటి వస్తువొకటి మా అరుగుకి ఆనించాడు. "దివాణం బాబుగారికి అందజెయ్యమన్నాడండి, పోయే ముందు," అన్నాడు. విప్పకుండానే అదేమిటో నాకు తెలిసింది. తాటి చేవతో చేసిన కర్ర. నల్లగా, నున్నగా, కొసన తోలుబిళ్ళతో ఉంటుంది. దాన్ని గది మూల నిలబెట్టాను. ఇంతవరకు విప్పలేదు.

దివాణం అన్నది సరంగు పాత అలవాటు కొద్దీ అన్న మాట. ఇప్పుడు మేముంటున్నది నాలుగు గదుల పెంకుటిల్లు. దాని గురించి నాకు సిగ్గూ లేదు, ఎవరికీ సంజాయిషీ చెప్పుకునే అవసరమూ లేదు.

కబురు అమలాపురం కూడా చేరింది. ఒక ప్లీడరుగారి వసారాలో నలుగురు కూర్చుని అతని ఆట గురించి చెప్పుకుంటుంటే విన్నాను. ఒకాయన, అతను ఎవరో పెద్ద దొరని ఓడించి బంగారు గొలుసు గెలుచుకున్నాడన్నాడు. ఇంకొకాయన, ఒక్క దెబ్బా తప్పకుండా వరసగా నూరు కొట్టేవాడన్నాడు. ప్లీడరుగారు కళ్ళు మూసుకుని, అంతటివాడు ఈ సీమలో మళ్ళీ పుట్టడన్నారు. నేను మాట్లాడలేదు. వాళ్ళలో ఒక్కరూ అతని ఆట చూసినవారు కారు. నేను ఎనిమిదేళ్ళు చూశాను. ఆ ఎనిమిదేళ్ళలో అతను ఒక్క ఆట కూడా గెలవలేదు. అతను గెలవగా చూసినవాడు గోదావరికి ఇటు ఒక్కడైనా ఉన్నాడని నేననుకోను.

మరి గొప్పవాడని దేన్ని పట్టి అంటున్నారో వాళ్ళకి తెలియదు. నాకు తెలుసు. తెలుసు కాబట్టే అతనంటే నాకు గిట్టదు. పోయినవాడి గురించి మంచే చెప్పాలన్న మర్యాద నాకు తెలియనిది కాదు. ఇది ఆ మర్యాద కోసం రాస్తున్నది కాదు.

ఆ బల్ల మా ఇంటికి నేను పుట్టకముందే వచ్చింది. ఏటికి అవతల బట్టల కొఠీ ఎత్తేసి దొరలు వెళ్ళిపోతూ సామాను వేలం వేస్తే మా నాన్నగారు కొన్నారు. రెండు పడవలు జోడించి కట్టిన పంటి మీద దాన్ని తెచ్చారు. పచ్చ ఉన్ని బనాతు పరిచిన పెద్ద బల్ల, అంచుల్లో ఆరు జాలి సంచులు, మూడు దంతపు బంతులు: రెండు తెల్లవి, ఒకటి ఎర్రది. ఆడేవాడు తన తెల్ల బంతిని కర్రతో కొట్టి మిగతావాటిని సంచుల్లో పడెయ్యాలి, లేదా ఒకే దెబ్బకి రెండింటినీ తాకించాలి. ముందు యాభై చేసినవాడిది ఆట. తప్పితే వంతు అవతలివాడికి పోతుంది. దొరలు బిలియర్డు అనేవారు. మా ఇంట్లో బల్లాట అనేవారు.

బల్లతో పాటు అతను కూడా వచ్చాడు. ఎవరూ పిలవలేదు. పంటి మీద బల్ల కాళ్ళ మధ్య కూర్చుని, తవుడు పోసిన కుండ ఒళ్ళో పెట్టుకుని వచ్చాడట. ఆ తవుడులో బంతులున్నాయి. కొఠీలో బల్ల తుడవడం, లెక్క పలకడం, తోడు దొరకని దొరతో ఆడడం అతని పని. అలాంటి పనివాణ్ణి మార్కరు అంటారు. పుట్టుకకి పడవ కళాసీల ఇంటివాడు. పేరు ఒకటుండేది. మా ఇంట్లో ఎవరూ ఆ పేరుతో పిలవలేదు, నేనూ ఇక్కడ రాయను.

పొట్టిగా, వెడల్పుగా ఉండేవాడు. బల్ల చుట్టూ వట్టి కాళ్ళతో తిరిగేవాడు. అతను ఇటునుంచి అటు ఎప్పుడు వెళ్ళాడో తెలిసేది కాదు. వానాకాలంలో మా గాలికి చెక్క ఉబ్బి బల్ల ఒక పక్కకి ఒరిగేది. ఇత్తడి పళ్ళెంలో అంచుదాకా నీళ్ళు పోసి బల్ల నడిమధ్య పెట్టి, నీళ్ళు ఏ పక్క అంచు తాకుతున్నాయో చూసి, ఆ పక్క కాలి కింద తాటాకు మడత పెట్టేవాడు. ఒక్కోసారి ఒక్క ఆకు కోసం పూటంతా పట్టేది. బంతుల్ని "పిల్లలు" అనేవాడు. ముసురు పట్టినన్నాళ్ళూ తవుడు కుండ వంటింటి పొయ్యి పక్కనే ఉండాలి. వంటలక్క తిట్టినా తీసేవాడు కాదు. ఆట మొదలుపెట్టే ముందు బంతిని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసేవాడు. చెమ్మ ఎక్కిన బంతి వేరే వాసన వేస్తుందట. బనాతు చిరిగినప్పుడు బండారులంక నుంచి సాలెవాళ్ళ చేత పచ్చటి గుడ్డ నేయించి అతుకు వేశాడు. నూలు గుడ్డ కదా, దాని మీదికి రాగానే బంతి నెమ్మదించేది. ఆ అతుకు దగ్గర ఏ బంతి ఎంత నెమ్మదిస్తుందో అతనికి తప్ప ఎవరికీ తెలిసేది కాదు.

లెక్క పలికేటప్పుడు "నేను" అనేవాడు కాదు. "తమరు ఇరవై మూడు. కర్ర పదహారు" అనేవాడు. కర్ర అంటే అతనే. మా నాన్నగారు అదో వినయమనుకుని ముచ్చటపడేవారు. నాకు మాత్రం మొదటి నుంచీ ఆ మాట వెనక ఏదో దాక్కుని ఉన్నట్టుండేది.

ఇంకొకటి. బంతి సంచి వేపు దొర్లుతున్నప్పుడు అందరూ బంతినే చూస్తారు. అతను చూసేవాడు కాదు. ఆడినవాడి మొహం చూసేవాడు. పదిహేడేళ్ళవాణ్ణి, నాన్నగారు చనిపోయిన ఏడాది మొదటిసారి కర్ర పట్టుకున్నప్పుడు, నేను ఎర్ర బంతిని సంచిలో వేసి తలెత్తితే అతని కళ్ళు నా మొహం మీదే ఉన్నాయి. ఆ చూపు నాకు నచ్చలేదు. పైకి బాగుందన్నట్టు తలాడించాడు.

అతని దగ్గరే ఆట నేర్చుకున్నాను. మొదటి రెండేళ్ళూ లెక్క పెట్టకుండా వట్టి దెబ్బలే నేర్పాడు. మూడో ఏటికి గెలవడం మొదలైంది. ఆ పైన ఎప్పుడాడినా నాది యాభై, అతనిది నలభై. ఎప్పుడైనా ముప్పై తొమ్మిది, ఎప్పుడైనా నలభై ఒకటి. నాన్నగారితో కూడా అలాగే ఓడేవాడని ఇంట్లోవాళ్ళు అంటే, తండ్రి చెయ్యి కొడుక్కి వచ్చిందని సంతోషించాను. మా భూములు అప్పటికే ఒక్కొక్కటిగా పరాధీనమవుతున్నాయి. ఆ సావిట్లో ఆ బల్ల దగ్గర మాత్రం నేను ఒకడికంటే గొప్పవాణ్ణన్న నమ్మకం నిండుగా ఉండేది.

ఆ రోజుల్లోనే ఒకసారి బందరు నుంచి ఒక దొర పడవలో వస్తూ తన మార్కరును వెంట తెచ్చాడు. మధ్యాహ్నం దొర నిద్రపోతుంటే ఆ బందరు మార్కరు మా ఆట చూడ్డానికి గోడవార నిలబడ్డాడు. నేను మామూలుగానే పది తేడాతో గెలిచాను. అతను వచ్చి నాకు సలాము చేస్తాడనుకున్నాను. చేశాడు కూడా, కానీ నాకు కాదు. ఆ బందరువాడు మా మార్కరు దగ్గరికెళ్ళి, వంగి, అతని కాళ్ళకి దణ్ణం పెట్టాడు. "గురువుగారూ, విన్నదానికంటే సన్నంగా ఉందండీ తమ పని," అన్నాడు. మా మార్కరు వయసులో పెద్దవాడు కదా, అందుకని కాబోలనుకున్నాను. ఓడినవాడి కాళ్ళకి దణ్ణమేమిటని నాకు తోచలేదు.

ఆ తర్వాత మార్కర్లలో గొప్పవాణ్ణి ఎలా తేలుస్తారని అతన్ని అడిగాను. బంతుల్ని తవుడులోకి దించుతూ చెప్పాడు:

"పడ్డ బంతి అందరికీ కనపడుద్దండి బాబుగారూ. మనం కొట్టేక అవతలాయనకి ఏం వదిలేమో, అది ఆటగాడికే కనపడుద్దండి."

"అంటే?"

"అంతేనండి. ఏం వదుల్తాడో దాన్నిబట్టే మనిషండి."

ఇంతకంటే ఎప్పుడూ చెప్పలేదు. అడిగినదానికి సగం జవాబు చెప్పి మిగతా సగం నోట్లో ఉంచుకోవడం అతని పద్ధతి. ఆ మిగతా సగానికి మేమిచ్చుకున్న ధర చెబుతాను.

ధవళేశ్వరంలో ఆనకట్ట పూర్తయి మా లంకల్లోకి కాలువలు తవ్వుతున్న రోజులవి. మా పేటకి ఒక కుర్ర దొర కాలువ పని మీద వచ్చాడు. గొలుసుతో నేల కొలిచి కొయ్యగూటాలు పాతించాడు. గూటాలు రెండు వరసలు. ఒక వరస ఊరి వెనక చవిటి నేల మీదుగా పోతుంది. రెండోది మా ఇంటి వెనక తోట నడిమధ్యగా. తోట వరసే తిన్నగా ఉందని దొర అభిప్రాయం.

ఆ తోట ఏమిటో చెప్పాలి. మా ఆడవాళ్ళకి ఘోషా. గుమ్మం దాటితే తెరల పల్లకీ తప్ప లేదు. చుట్టూ నిలువెత్తు గోడ కట్టిన ఆ తోటొక్కటే వాళ్ళు ఆకాశం కింద నడిచే చోటు. మా అమ్మ పదకొండో ఏట ఆ ఇంటికి కోడలిగా వచ్చింది. అప్పటినుంచీ రోజూ పొద్దున్నా, పొద్దువాలాకా, కొబ్బరి చెట్ల మధ్య అటు చివరిదాకా వెళ్ళి తిరిగి వచ్చేది. నాన్నగారు పోయాక ఆ నడకొక్కటే మిగిలింది ఆవిడకి. అక్కడ కాలువ పడితే గట్టు మీద కూలీలు, నీళ్ళ మీద పడవలవాళ్ళు. గోడ ఉండదు. ఆవిడ మళ్ళీ నేల మీద ఎండ తొక్కదు.

అర్జీలు పెట్టాం. తాసీల్దారు చూస్తానన్నాడు, పైవాళ్ళు జవాబే ఇవ్వలేదు. మూడో అర్జీ రాయించడానికి నాకు మనస్కరించలేదు. మా తాతగారు అర్జీలు తీసుకున్నవారే గాని పెట్టినవారు కారు.

ఈలోపల ఆ దొర మా బల్ల సంగతి విని సాయంకాలాలు ఆడుకోవడానికి రావడం మొదలుపెట్టాడు. ఒంటరివాడు, ఆట పిచ్చివాడు. మా మార్కరుతో ఆడేవాడు, గెలిచేవాడు. "దొరవారు యాభై. కర్ర నలభై ఏడు." మర్నాడు మళ్ళీ అంతే. పదిహేను రోజులు చూశాను. దొర గెలుపు ఎప్పుడూ మూడుకి అటూ ఇటూ.

నేను లెక్క కట్టాను. మార్కరు మీద దొరకి మూడు. మార్కరు మీద నాకు పది. అంటే దొర మీద నాకు ఏడు. ఇందులో తప్పెక్కడుందో ఇప్పుడు ఎవరైనా చెబుతారు. ఆ సావిట్లో పెరిగినవాడెవడూ అప్పుడు చెప్పలేడు. మనిషి మనిషికి ఒక కొలత చొప్పున ఓడేవాడు ఉంటాడని, యజమానికి పది, వచ్చిన దొరకి మూడు అని ముందే పంచిపెట్టుకుని ఓడతాడని ఎవరనుకుంటారు?

దుబాసీ ద్వారా దొరకి కబురు పెట్టాను. ఒక్క ఆట, యాభైకి. నేను గెలిస్తే కాలువ చవిటి నేల మీదుగా పోవాలి. అడుక్కోవడం కాదిది, గెలుచుకోవడం. అందుకే నోరు పెగిలింది. దొర నవ్వి, రెండు వరసలకీ పెద్ద తేడా ఏమీ లేదని, అలాగే కానిమ్మని ఒప్పుకున్నాడు.

అమ్మతో చెబితే, తలుపు వెనక నుంచి ఒక్కటే అడిగింది. "బాగా ఆడతావా నాన్నా?" ఆడతానన్నాను. "అయితే సరే," అని తోటలోకి వెళ్ళిపోయింది.

ఆటకి ముందురోజు మార్కరు పళ్ళెంలో నీళ్ళు పోసి బల్ల మట్టం చూస్తున్నాడు. నన్ను చూసి లేచి నిలబడ్డాడు.

"బాబుగారూ, రేపు తమ తరపున కర్ర ఆడుద్దండి. తమరు కూర్చుని చూడండి."

"మా తోట కోసం నువ్వాడతావా?"

"ఆయ్."

"ఎందుకు? నాకంటే బాగా ఆడతావా?"

పళ్ళెంలో నీళ్ళ వేపు చూశాడు. అవి కదలడం మానేదాకా చూశాడు.

"లేదండి," అన్నాడు.

ఆ ఒక్క మాట అతను వేరేలా చెప్పి ఉంటే నాకు కోపం వచ్చేది. బహుశా కొట్టేవాణ్ణి కూడా. కానీ మర్నాడు కర్ర అతని చేతికే ఇచ్చేవాణ్ణి. ఇరవై ఏళ్ళుగా ఆ మాట తిప్పి తిప్పి చూస్తున్నాను. లేదండి. అబద్ధమాడడానికి అంతసేపు ఆలోచించాడు, నిజం చెప్పడానికి ఆలోచించలేదు.

మర్నాడు ఎండ ఇంకా సావిట్లో ఉండగానే ఆట మొదలైంది. దొర, దుబాసీ, నేను, లెక్క పలకడానికి మార్కరు. ముందు నేనే కొట్టాను, నాలుగు చేసి తప్పాను. దొర ఆరు చేసి తప్పాడు. మళ్ళీ నా వంతు వచ్చి బల్ల చూస్తే నాకు అర్థం కాలేదు. నా బంతి అంచుకి అతుక్కుని ఉంది. ఎర్రది ఆ చివర, దొర తెల్లబంతి నాకు అడ్డంగా. కొట్టడానికి ఏమీ లేదు. ఏదో కొట్టి తప్పాను. మళ్ళీ వంతు వచ్చినప్పుడూ అంతే. ఆ తర్వాత కూడా అంతే.

అంతవరకు నా జీవితంలో అలాంటి బల్ల నేను చూడలేదు. మార్కరు తప్పిన ప్రతిసారీ బంతులు నాకు వీలుగా, చెయ్యి చాపితే అందేలా వచ్చి ఆగేవి. బంతులు మామూలుగా అలాగే ఆగుతాయనుకునేవాణ్ణి. ఆ పూట నా అదృష్టం బాగాలేదనుకున్నాను. పది, పదిహేను వెనకబడుతూ ఒకసారి తలెత్తాను. మార్కరు బల్ల వేపు చూడడం లేదు. ఎనిమిదేళ్ళ కిందటి లాగే నా మొహం చూస్తున్నాడు. అప్పుడు తెలిసింది నాకు. బంతులు వాటంతట అవి ఆగేవి కావు. ఇతను ఆపేవాడు. ఎనిమిదేళ్ళు నా చేతికి ముద్దలు చేసి అందించాడు, నేను అన్నం వండుకున్నాననుకున్నాను.

"దొరవారు యాభై. తమరు ముప్పై ఒకటి," అన్నాడు మార్కరు. గొంతు ఎప్పటిలాగే ఉంది.

దొర చెడ్డవాడు కాడు. నా మొహం చూసి ఇబ్బందిపడ్డాడు. దుబాసీతో ఏదో చెప్పాడు. దుబాసీ నా వేపు తిరిగి, "దొరవారు ఏవంటున్నారంటేనండీ, అమ్మగారు నడిచే తోటని వారికి తెలిసిందటండి. మీ మనిషి కూడా ఓ ఆట ఆడొచ్చంటున్నారు. అతను గెలిస్తే ముందు ఒప్పుకున్నమాటేనటండి, కాలువ చవిటి మీంచే పోద్దటండి," అన్నాడు.

నాకు అభిమానం అడ్డు వచ్చింది. వచ్చినా మింగాను. మార్కరు వేపు తిరిగి, "ఆడు. గెలువు," అన్నాను. ఇంకెప్పుడూ ఏ నౌకరుకీ అంత సూటిగా ఆజ్ఞ ఇవ్వలేదు.

"చిత్తం," అన్నాడు.

ఆ ఆట ఇప్పటికీ దెబ్బ దెబ్బగా చెప్పగలను. పైకి చూస్తే ఇద్దరూ సమానంగా వెళ్ళారు. అతనెక్కడా తొందరపడలేదు. అతుకు మీదుగా బంతిని పంపి, అది నెమ్మదించి ఎక్కడ ఆగాలో అక్కడ ఆగేలా కొడుతున్నాడు. మొదటిసారి నాకు ఆ బల్ల కనిపించింది. దొర నలభై ఎనిమిది, కర్ర నలభై ఏడు. వంతు కర్రది. ఎర్ర బంతి సంచి నోటి మీద వేలాడుతోంది. ఊదితే పడేలా ఉంది. వేస్తే మూడు వస్తాయి, ఆట అయిపోతుంది. తోట నిలబడుతుంది.

అతను తోలుబిళ్ళకి సుద్ద రాశాడు. వంగాడు. కొట్టాడు. తెల్లబంతి బల్లంత పొడుగునా వెళ్ళి ఎర్రదాన్ని తాకింది. ఎర్రది సంచి నోటికి ఒక పక్క తగిలి, అవతలి పక్క తగిలి, ఒక్కసారి వణికి, ఉన్నచోటే ఆగిపోయింది.

దుబాసీ నాలుక కరుచుకున్నాడు. దొర అయ్యో అన్నాడు. ఆ బంతిని వెయ్యడం నాకు కూడా వచ్చు. వెయ్యకుండా దాన్ని అలా రెండు పక్కలా తాకించి నిలబెట్టడం మానవమాత్రుడికి పొరపాటున కుదిరే పని కాదు. అతనెంతటి ఆటగాడో నాకు ఆ క్షణంలో తెలిసింది. అలాంటివాడు ఇంకొకడు ఉండడని కూడా తెలిసింది. అతని మొహం చూశాను. అందులో బాధ లేదు. చెప్పుకోదగ్గ పని చేతికి సరిగ్గా కుదిరినప్పుడు కంసాలి మొహంలో కనిపించే తృప్తి, అది కనిపించింది.

దొర ఆ ఎర్రదాన్ని వేసుకున్నాడు.

"దొరవారు యాభై ఒకటి. కర్ర నలభై ఏడు," అన్నాడు మార్కరు. తర్వాత నెమ్మదిగా సర్దుకుని, "యాభై అండి. యాభైకే ఆట," అన్నాడు. మూడు తేడా. ఎప్పటి లెక్కే.

వాళ్ళు వెళ్ళాక అడిగాను. ఎందుకని. అతను బంతుల్ని ఒక్కొక్కటీ తుడిచి తవుడులోకి దించాడు. నేను మళ్ళీ అడిగాను.

"తోట పోతే తోటేనండి పోయింది," అన్నాడు. "తమరు ఓడిపోయిన బల్ల మీద నేను గెలిస్తే, తమరిన్నాళ్ళూ గెలిచిన ఆటలన్నీ పోయుండేవండి. దొర ఊరూరా చెప్పుకునేవాడండి."

"నేను గెలువమన్నాను."

"ఆయ్. అన్నారండి."

నా పరువునీ మా అమ్మ తోటనీ తక్కెడలో పెట్టి తూచమని అతన్ని ఎవరడిగారు? తూచి, ఏది బరువో నిర్ణయించే అధికారం అతనికి ఎవరిచ్చారు? పోనీ, నా పరువు కోసమే చేశాడనుకుందాం. అలా చెప్పడంతోనే ఆ పరువు కూడా తీసేశాడు కదా. ఆ మాట అనకుండా నోరు మూసుకుని ఉంటే, బల్ల దగ్గర నాకు తోచినదాన్ని వట్టి అనుమానమని కొట్టిపారేసి, ఆ ఒక్క పూట అదృష్టం బాగాలేక ఓడిపోయానని అనుకుంటూ బతికేవాణ్ణి. ఎప్పుడూ సగం చెప్పేవాడు, ఆ ఒక్కసారి పూర్తిగా చెప్పాడు.

వెంటనే పొమ్మన్నాను. బతిమాలుకోలేదు. తవుడు కుండ నా చేతిలో పెట్టాడు, పొయ్యి వెచ్చదనం ఇంకా ఉంది దానికి. తాటి కర్ర భుజాన వేసుకుని రేవు వేపు వెళ్ళిపోయాడు.

కాలువ పడింది. అమ్మ తోటలోకి దిగడం మానేసింది. గదిలోనే అటు గోడ నుంచి ఇటు గోడకి నడిచేది. పొద్దున్నా, పొద్దువాలాకా. గోడ దగ్గర తిరిగేచోట గచ్చు అరిగిపోయింది. ఆరేళ్ళు నడిచి పోయింది. అతని మాట ఆవిడతో ఎప్పుడూ చెప్పలేదు. నేనే ఓడిపోయాననుకునే పోయింది, అదీ నిజమే.

కొన్నేళ్ళ తర్వాత కాకినాడలో ఒక బంగళా దగ్గర ఇద్దరు మార్కర్లు మాట్లాడుకుంటుంటే చెవిన పడింది. కోనసీమలో ఒక ముసలాయన నలభై ఏడు దగ్గర సంచి నోట్లో ఉన్న ఎర్రదాన్ని రెండు పక్కలా తాకించి నిలబెట్టాడని, దొరకి అనుమానమే రాలేదని, అంతటి దెబ్బ బందరులో గాని విశాఖపట్నంలో గాని ఎవరూ కొట్టలేదని ఒకడు చెబుతున్నాడు. రెండోవాడు చేతులు జోడించాడు. వాళ్ళలో గొప్పతనానికి కొలత అది. ఎన్ని గెలిచాడని కాదు. అవతలివాడికి తెలియకుండా ఎంత సన్నంగా ఓడగలడన్నది. కథ మొత్తం విన్నాను. అందులో బల్ల ఉంది, దొర ఉన్నాడు, ఎర్ర బంతి ఉంది. మా తోట లేదు.

అతన్ని చివరిసారి చూసింది ఒక లాకు దగ్గర. ఇల్లు అమ్ముడుపోయిన మరుసటి ఏడు. పడవ లాకు దాటడానికి ఆలస్యమవుతుందంటే పక్కనున్న బంగళా వరండాలో కూర్చున్నాను. లోపల కర్ర చప్పుడు. ఎవరో దొర వదిలేసిపోయిన బల్ల, బనాతు సగం ఊడింది. బంగళా కాపలావాడు, కాలువ గుమాస్తా ఆడుతున్నారు. ఆ కాపలావాడే మా మార్కరు. జుట్టు పూర్తిగా తెల్లబడింది. "తమరు యాభై. కర్ర నలభై ఎనిమిది," అంటున్నాడు. గుమాస్తా మీసం దువ్వుకుంటూ బయటికి పోయాడు. గుమాస్తాకి రెండన్నమాట.

నన్ను చూసి, "బాబుగారు దయచేసేరా," అన్నాడు. అమ్మ పోయిందని అతనికి తెలుసు. ఆ మాట నేను ఎత్తనివ్వలేదు. గోడకున్న కర్ర తీసుకున్నాను.

"విను," అన్నాను. "నువ్విప్పుడు నా మనిషివి కావు. నాకు బల్లా లేదు, తోటా లేదు, నిన్ను తీసెయ్యడానికి నౌకరీ లేదు. ఒక్కసారి నీ ఆట నువ్వాడు. చూడాలి."

"ఆయ్," అన్నాడు.

బంతిని తీసి వాసన చూసి పెట్టాడు. ఆడాడు. ముప్పై దాకా నేను బల్ల దగ్గరికి వెళ్ళే పని పడలేదు. ఊడిన బనాతు మీద, ఒరిగిన బల్ల మీద, వణికే చేతులతో ఆ ముప్పై కొట్టాడు. నేను గోడకి ఆనుకుని చూశాను. అంతటి ఆట నేను చూడలేదు, ఇక చూడను. ఆ పైన ఒకసారి తప్పాడు. నేను కొన్ని కొట్టాను. అతను నలభై చేశాడు. చేసి, తప్పాడు. నా బంతికి ఎదురుగా, చెయ్యి చాపితే అందేలా ఎర్రది వచ్చి ఆగింది.

దాన్ని కొట్టకుండా కర్ర కింద పెట్టేసి వెళ్ళిపోవలసింది. అతను నా మొహం చూస్తూ నిలబడ్డాడు. నేను వంగి కొట్టాను. మళ్ళీ ఎదురుగా వచ్చి ఆగింది. మళ్ళీ కొట్టాను.

"తమరు యాభై," అన్నాడు. "కర్ర నలభై."

గుమాస్తాకి రెండు, దొరకి మూడు. నిలువ నీడ లేక పడవ కోసం కాచుకున్న నాకు, ఇంకా పది. ప్లీడరుగారి వసారాలో అతను గొప్పవాడంటే అందుకే నేను కాదనలేదు. ఆ పది నేను అతన్ని అడగలేదు. తిరిగి ఇచ్చెయ్యడానికి ఇప్పుడతను లేడు.